చిన్నవదిన వద్దన్న దారి

మా చిన్నవదిన చనిపోయింది. సండూరులో చుట్టాల గృహప్రవేశానికి వెళ్ళి వస్తుండగా, ఇంకా పూర్తిగా చీకటి పడకముందే, మా ఇంటి కారు మలుపులో ఆగి ఉన్న ఖనిజం లారీని వెనకనుంచి గుద్దింది. కారులో నలుగురున్నారు. ముగ్గురు ఇంటికి తిరిగొచ్చారు.

కబురు విన్నవాళ్ళందరూ నన్ను మొదట అడిగిన మాట ఒక్కటే. "సైకిలు మీద పోతాండెనా?" కాదు, కారులో వెనక సీట్లో కూర్చుని ఉండిందని చెప్పేదాన్ని. ఎన్నేళ్ళుగానో సిద్ధం చేసి పెట్టుకున్న మాట నోటి దాకా వచ్చి పనికిరాకుండా పోయినట్టు ఉండేది విన్న మనిషి ముఖం. ఆమె సైకిలు మీద పోయి ఉంటే చాలామందికి సులువుగా ఉండేది.

ఇది చదివే మీలో ఆమెను ఎరిగినవాళ్ళు తక్కువ. చూసినవాళ్ళు ఉండొచ్చు. బళ్ళారి గాంధీనగర్‌లో తెల్లవారుజామున పాలకు వెళ్ళేవాళ్ళు, వాకింగుకు వెళ్ళేవాళ్ళు చూసి ఉంటారు. చుడీదారు కుడికాలికి రబ్బరు బ్యాండు వేసుకుని, తలకు హెల్మెట్ పెట్టుకుని, వెనక చక్రానికి రెండు వైపులా ఆకుపచ్చ సంచులు వేలాడేసుకుని నెమ్మదిగా తొక్కుకుంటూ పోయే లావుపాటి మనిషి. ఆమె మా చిన్నన్న భార్య. నేను ఆమె ఆడబిడ్డను. ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. పుట్టింటికి రెండు వీధుల అవతల ఉంటాను.

చిన్నవదినది సిరుగుప్ప తాలూకా దేశనూరు. వాళ్ళకు కాలువ కింద వరిపొలాలు. హైస్కూలుకు రోజూ కాలువ గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ సిరుగుప్పకు పోయేదట. పెళ్ళయి మా ఇంటికి వచ్చాక ఆ సైకిలు ఏమైందో ఎవరూ అడగలేదు. మాది లారీల ఇల్లు. మా నాన్న ఒక్క లారీతో మొదలుపెట్టాడు, మా పెద్దన్న దాన్ని లారీల వరస చేశాడు. సండూరు గనులనుంచి ఖనిజం తోలడమే మా బతుకు. ఆ ఇంటి కోడలు ఇరవై ఏళ్ళు వంటింట్లోనే ఉంది. డ్రైవర్లకు క్యారియర్లు కట్టింది, మా అమ్మకు మందులిచ్చింది, ఇద్దరు పిల్లల్ని చదివించి హాస్టళ్ళకు పంపింది. ఆ తరువాత డాక్టరు షుగరు వచ్చిందని చెప్పి రోజూ నడవమన్నాడు. నడిస్తే తనకు మోకాళ్ళు నొప్పులనీ, సైకిలైతే తొక్కుతాననీ ఆమె చెప్పింది. డాక్టరు సరేనన్నాడు. ఇంట్లో ఆ సరే అన్న మాట మింగుడుపడటానికి చాలా కాలం పట్టింది.

స్టీలు ప్లాంటులో పనిచేసి బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర పాత సైకిలు కొనుక్కుంది. ఉక్కు ఫ్రేము, బరువైనది. నేను ఆ మధ్య చూసిన సన్న చక్రాల, తేలికైన సైకిళ్ళ గురించి చెప్తే వినింది. తరువాత రోడ్డు మీదికి తీసుకెళ్ళి మా వీధి చివర గుంతలు చూపించింది. "పాపా, ఆ సైకిలు ఈ రోడ్డుకు కాదు. ఫ్రేము ఇరిగితే యాడన్నా వెల్డింగు షాపు ఉండాల కదా? ఉక్కుదైతే ఏ ఊర్లోనైనా అతికిస్తారు. దూరం పోయేటోళ్ళకు బాగుచేసుకునేకి అయ్యే సైకిలే మంచి సైకిలు."

నేను ఆ మాట విన్నప్పుడు నవ్వాను. ఎందుకంటే ఆమె అప్పటికి ఊరి పొలిమేర కూడా దాటలేదు. దూరం పోతానని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు కూడా. కానీ ఆమె మనసులో దూరం ఉంది. ముందుగా దానికి తగ్గ సైకిలు కొన్నది, ఆ తరువాత కాళ్ళను దానికి తగ్గట్టు తయారు చేసుకుంది.

నేనూ ఒకటి కొనుక్కుని ఆమె వెంట పడ్డాను. దూరం తొక్కడానికి ఏమేం కావాలో నాకు నేర్పింది ఆమే. మెత్తటి వెడల్పాటి సీటు చూసి నేను మురిసిపోతే, దాని మీద ఒక గంట సుఖంగా ఉంటుందనీ, ఆ తరువాత తొడలు ఒరుసుకుపోతాయనీ చెప్పి తీయించింది. టైర్లు బొటనవేలి కన్నా లావు ఉండాలనేది. మా వైపు రోడ్ల పక్కన అంతా జాలి కంపే, సర్కారు తుమ్మ. ఆ ముల్లు చెప్పును దాటి కాల్లోకి దిగుతుంది, ఇక ట్యూబు ఎంత? అందుకే టైరుకూ ట్యూబుకూ మధ్య పాత ట్యూబు కోసి పట్టీలా పరిచేది. సంచులు బజారులో దొరికేవి నచ్చలేదు. మా యార్డులో చిరిగిపోయి మూలపడ్డ లారీ టార్పాలిన్ తీసుకుని, సీటు కవర్లు కుట్టే ఆయన దగ్గర కూర్చుని రెండు జతలు కుట్టించింది. వాన పడ్డా లోపలి బట్ట తడవలేదు. వాటిలో ఏది పెట్టాలన్నా ఒక్కటే అడిగేది, ఇది లేకపోతే ఆగిపోతామా అని. ఆగిపోం అంటే తీసి పక్కన పెట్టేది. నా పౌడరు డబ్బా, రెండో జత చెప్పులు, పుస్తకం అట్లాగే ఇంట్లో ఉండిపోయాయి.

దారి ఎంచుకోవడం మాత్రం ఆమె దగ్గర చూడాలి. ఫోనులో మ్యాపు అందరికీ ఉంది. అందులో ఎత్తు తెలియదు, దుమ్ము తెలియదు, కుక్కలు తెలియవు. ఆమె ముందు ఒకసారి ఆ దారిలో బస్సులో పోయి వచ్చేది. డ్రైవరు వెనక కిటికీ పక్కన కూర్చుని, ఎక్కడ బస్సు గేరు తగ్గిందో, ఎక్కడ నీడ ఉందో, ఎక్కడ టీకొట్టు ఆడమనిషి నడుపుతోందో చూసుకునేది. అన్నిటికన్నా ముందు ఆమె వెతికింది నేను ఎన్నడూ ఆలోచించని విషయం. "మొగోళ్ళకు రోడ్డంతా బాత్రూమే పాపా. మనకు గంటకోచోట తలుపుండే చోటు కావల్ల. అది చూసుకోకుండా బయల్దేర్తే నీళ్ళు తాగేకి భయపడ్తాం. నీళ్ళు తాగకపోతే ఎండకు పడిపోతాం." అందుకని ఆమె దారుల్లో పెట్రోలు బంకులు, సర్కారీ ఆసుపత్రులు, ఆడపిల్లల హాస్టళ్ళు వరసగా ఉండేవి. బంకువాళ్ళకు ముందుగా ఫోన్ చేసి, బాత్రూముకు తాళం వేస్తారా వేయరా అని అడిగేది. వాళ్ళు నవ్వితే తనూ నవ్వి మళ్ళీ అదే అడిగేది.

గాలినీ లెక్కలోకి తీసుకునేది. ఆషాఢంలో మా దిక్కు పడమటి గాలి మనిషిని వెనక్కి తోస్తుంది, అప్పుడు తూర్పుకే పోవాలి. కార్తీకంలో అది తిరుగుతుంది.

ఇక లారీల సంగతి. ఏ రోడ్డు మీద, ఏ పొద్దులో, ఎటువైపు లోడు లారీలు పోతాయో, ఎక్కడ బారులు తీరి నిలబడతాయో ఆమెకు తెలుసు. ఎట్లా తెలియదు? రోజంతా మా నడింట్లో పెద్దన్న ఫోను మోగుతూనే ఉంటుంది. ఫలానా కాటా దగ్గర తూకానికి లైను కట్టాం అని ఒకడు, టైరు పేలి మలుపులో ఆపుకున్నా అని ఒకడు. ఆ మాటలన్నీ వంటింట్లోకి వినపడతాయి. ఇరవై ఏళ్ళు విని విని జిల్లా రోడ్లన్నీ ఆమెకు చపాతీలు ఒత్తుతూ ఒత్తుతూనే పట్టుబడ్డాయి. మేము తొక్కిన ఏ దారిలోనూ లోడు లారీ మా పక్కనుంచి పోలేదు. పోకుండా ఆమె చూసుకుంది.

మా మొదటి పెద్ద ప్రయాణం మంత్రాలయానికి. సిరుగుప్ప మీదుగా వెళ్ళి, దారిలో దేశనూరులో వాళ్ళ పుట్టింట్లో ఆ రాత్రి ఉన్నాం. వాళ్ళన్న మమ్మల్ని చూసి ఇంట్లో ఏదైనా గొడవ జరిగిందా అని అడిగాడు. మొగుడితో పోట్లాడకుండా ఆడది ఇట్లా వస్తుందని ఆయనకు తోచలేదు. మర్నాడు రాష్ట్రం సరిహద్దు దగ్గర చెక్‌పోస్టులో ఒక పోలీసాయన ఆపి, మీతో మగవాళ్ళు ఎవరూ లేరా అని కన్నడంలో అడిగాడు. "ఉండారు సార్. ఇంట్లో ఉండారు," అంది ఆమె, తెలుగులోనే, ముఖంలో ఏ మార్పూ లేకుండా. ఆయనకు అర్థమైంది, దారి ఇచ్చాడు. వరిపొలాల మధ్య గాలి వీపును తోస్తుంటే, నా ముందు ఆ ఆకుపచ్చ సంచులు అటూ ఇటూ ఊగుతూ పోతుంటే, నేను ఆ రోజు ఉన్నంత సుఖంగా నా పెళ్ళిలో కూడా లేను.

మంత్రాలయం నుంచి వచ్చాక ఇంట్లో ఏమన్నారో కూడా చెప్పాలి. స్మృతి వ్యాసం రాసేటప్పుడు మంచి మాత్రమే రాయాలంటారు. నేను అట్లా రాయలేను. మా అమ్మ ఒక వారం ఆమె చేతి కాఫీ తాగలేదు. పెద్దన్న ఎదురుగా ఏమీ అనలేదు. యార్డులో పదిమంది ముందు, లారీలు పెట్టుకుని ఇంటి కోడలితో సైకిలు తొక్కిస్తాడని తనను జనం ఆడిపోసుకుంటున్నారని అన్నాడు. చిన్నన్న నవ్వి ఊరుకున్నాడు. మా చిన్నన్న మంచివాడు. ఎవరేమన్నా నవ్వి ఊరుకోవడమే ఆయన మంచితనం. ప్రతివాళ్ళూ ఒక్కటే మాట, ఏదో ఒకరోజు లారీ కింద పడి చస్తావు అని. ఆమె హెల్మెట్ చూసి పిల్లలు కూడా నవ్వేవాళ్ళు.

ఆమె కోరిక ఒక్కటి ఉండేది. తన ఊరి పొలాలకు నీళ్ళిచ్చే తుంగభద్ర ఒడ్డు పట్టుకుని ఎగువకు పోయి, తుంగ, భద్ర అనే రెండు నదులు కలిసే కూడ్లిని చూడాలని. హొసపేట, హడగలి, హరిహరం, హొన్నాళి మీదుగా ఏటికి దగ్గరగా పోయే దారి వేసింది. దీపావళి తరువాత అయితే గాలి తూర్పునుంచి వీస్తుంది, వెనకనుంచి తోస్తుంది. వచ్చేటప్పుడు రైల్లో సైకిళ్ళు వేసుకుని వద్దామని. ఒక ఏడు పెద్దన్న కూతురి సీమంతం అడ్డం వచ్చింది. ఒక ఏడు మా అమ్మ కంటి ఆపరేషను. ఇంకో ఏడు ఏ అడ్డమూ లేదు, అయినా ఇంట్లో ఎవరికో మనసు బాగాలేదు. ఎన్నిసార్లు ఆగినా ఆ దారిని ఆమె వదిలిపెట్టలేదు. బంకులకు మళ్ళీ ఫోన్ చేసేది, మూతపడినవి తీసేసి కొత్తవి వెతికేది.

ఈ ఏడు తప్పకుండా పోవాలనుకున్నాం. నాకు సెలవు దొరికింది. సంచులు సర్దాం. బయల్దేరే రెండు రోజుల ముందే సండూరులో గృహప్రవేశం వచ్చింది. అది పెద్దవదిన తమ్ముడి ఇల్లు. చిన్నవదినకు వెళ్ళాలని లేదు. కానీ, ఫంక్షనుకు రావడానికి తీరికలేని మనిషికి ఊళ్ళు తిరగడానికి తీరిక ఉందా అన్నాడు పెద్దన్న. అందుకని వెళ్ళింది. "పోయొస్తా పాపా. పోకపోతే కూడ్లిలో గూడ ఆ మాట చెవుల్లో ఉంటాది," అని నాతో ఫోనులో చెప్పింది. నాతో మాట్లాడిన చివరి మాట అదే.

తరువాత జరిగింది నాకు పెద్దవదిన చెప్పింది. ఆసుపత్రి వరండాలో, నుదుటికి కట్టుతో, నా చెయ్యి పట్టుకుని చెప్పింది. అప్పటికింకా ఆమెకు ఎవరూ ఏం చెప్పాలో నేర్పలేదు.

కారు పెద్దన్న తోలుతున్నాడు. పక్కన చిన్నన్న. వెనక ఇద్దరు కోడళ్ళు. సండూరు దాటాక పెద్దన్న కారును మైన్సు దారికి తిప్పబోయాడు. అది దగ్గర దారి. చిన్నవదిన ఎన్నడూ ఆయనకు ఎదురు మాట్లాడదు. ఆ రోజు మాట్లాడింది.

"బావా, ఈ దారి వద్దు. ఈ టైముకు కాటా కాడ లోడు లారీలు మలుపు దాకా నిలబడ్తాయి. లైట్లు గూడ ఎయ్యరు. దుమ్ములో కనపడదు. తోరణగల్లు మీద పోదాం, దూరమైనా పెద్దరోడ్డు."

"సైకిలు తొక్కేటోళ్ళు కార్లకు దారి చెప్పొద్దమ్మా," అన్నాడట పెద్దన్న. "నా లారీలు తిరిగే దారి నాకు తెల్దా?"

చిన్నన్న నవ్వాడట. ఎప్పటిలాగే.

"బెల్టు కోసం సీటులో చెయ్యి పెట్టి ఎతికింది పాపా," అంది పెద్దవదిన. "దొరకలే. తలుపు పైన పిడి పట్టుకోని కూచునింది."

బెల్టు దొరకదు. పెద్దన్న ఆ కారుకు కొత్తగా తోలు సీటు కవర్లు వేయించాడు, వెనక బెల్టులన్నీ వాటి కిందకు పోయాయి. ముందు కూర్చున్నవాళ్ళకు బెల్టులున్నాయి, ఎయిర్‌బ్యాగులున్నాయి. చిన్నన్నకు మణికట్టు విరిగింది. పెద్దన్నకు ఛాతీ కమిలింది. లారీ ఆమె చెప్పిన మలుపులోనే ఉంది. ఆమె చెప్పినట్టే ఉంది.

ఆ లారీ మాది కాదు. అయితే ఏం, మావీ అట్లాగే నిలబడతాయి. దాని డ్రైవరు మీద కేసు పెట్టారు. వాడిది తప్పే, కాదనను. కానీ వాడు వెనక లైట్లు వేయలేదని రాసుకున్నవాళ్ళు, ఆ సంగతి ముందే చెప్పిన మనిషి కారులో ఉండిందని రాసుకోలేదు. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

పదకొండో రోజు ఇంటి నిండా జనం. ఆమె ఫోటో పక్కన ఎవరో హెల్మెట్ కూడా పెట్టారు. ఆమె బతికి ఉండగా అందరూ చూసి నవ్విన ఆ హెల్మెట్‌కు బంతిపూల దండ వేశారు. చుట్టాలు ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. ఎంత ధైర్యవంతురాలో అన్నారు. రోడ్డు ఆమెను పిలిచిందనీ, చావు రోడ్డు మీద రాసిపెట్టి ఉందనీ, ఆ సైకిలు పిచ్చి లేకపోతే ఇంకెన్నాళ్ళు ఉండేదో అనీ అన్నారు. సైకిలుకూ ఆ చావుకూ ఏం సంబంధమో అక్కడ ఒక్కరూ అడగలేదు. పెద్దన్న చేతులు కట్టుకుని తలాడిస్తూ వింటున్నాడు.

నేను లేచి, అందరూ వినేటట్టే అడిగాను. "అన్నా, వదిన ఏ దారిన పోదామనింది?"

ఆయన నా వైపు చూడలేదు. "పోయే టైము వస్తే ఏ దారైతే ఏంది? ఆగుతాదా?"

"ఆగుతాదో లేదో నేను అడగలే. ఏ దారి చెప్పింది అని అడుగుతాండా."

పెద్దవదిన వైపు చూశాను. తల వంచుకుని విస్తళ్ళు తుడుస్తోంది. తుడిచినదాన్నే మళ్ళీ తుడిచింది. చిన్నన్న కట్టు కట్టిన చెయ్యి నా భుజం మీద వేసి, "సాకు, చాలు, వదిలెయ్యి" అన్నాడు. ఆ రోజు కూడా ఆయన ముఖం మీద ఆ పాత నవ్వు నీడలాగా ఉంది. అది ఏడుపని అప్పుడే తెలిసింది. తెలిసినా నాకు జాలి కలగలేదు. ఆమె నోరు తెరిచి చెప్పిన ఒక్కరోజు, వెనక్కి తిరిగి ఆమె చెప్పేది నిజమేమో అని కూడా అనలేదు కదా అనుకున్నాను. ఈరోజుకూ అదే అనుకుంటున్నాను.

ఆ తరువాత నేను పుట్టింట్లో భోజనం చేయలేదు. అమ్మను చూడటానికి పోతాను, కూర్చుంటాను, వచ్చేస్తాను. పెద్దన్న కారు బాగై వచ్చింది. సీటు కవర్లు మార్చలేదు.

నాకు ఆమె ఇచ్చినదానికి పేరు పెట్టడం చేతకావడంలేదు. ముప్పై తొమ్మిదేళ్ళ వయసులో నాకు నా జిల్లాను చూపించింది. అంతకు ముందు నేను ఈ ఊళ్ళన్నీ బస్సు కిటికీలోంచి వేరేవాళ్ళ పెళ్ళిళ్ళకు పోతూ చూసినవే. ఎక్కడ ఆగాలో, ఎవరిని నీళ్ళు అడగాలో, ఎప్పుడు వెనక్కి తిరగాలో ఆమె చెప్పింది. ఎత్తు ఎక్కేటప్పుడు పైకి చూడొద్దనేది, ముందు చక్రం ముందు పడే మూరెడు నేలనే చూడమనేది. "దిగి తోసుకుంటా పోతే ఏం తప్పు? కొండ మనల్ని ఏం అనదు," అనేది. ఇప్పుడు క్లాసులో లెక్క రాక ఏడ్చే పిల్లలకు ఆ మాటే చెప్తాను. ఎవరిదని అడిగితే మా వదినదని చెప్తాను.

కూడ్లికి నేను పోలేదు. పోతానో లేదో తెలియదు. పోయిన ఆదివారం మాత్రం నా సైకిలు తీసుకుని ఒక్కదాన్నే సండూరు వైపు పోయాను. ఆమె చెప్పిన పెద్దరోడ్డు మీదనే తోరణగల్లు దాకా తొక్కి, అక్కడ టీ తాగి, బాగా ఎండెక్కాక మైన్సు దారిలోని ఆ మలుపుకు చేరాను. ఆదివారం కాబట్టి లారీలు లేవు. కాటా మూసి ఉంది. రోడ్డు మీద గాజు పెంకులు ఎప్పుడో ఊడ్చేశారు. ఎర్ర దుమ్ములో చక్రాల గుర్తులు తప్ప ఏమీ లేవనుకున్నాను.

తరువాత కనపడింది. ప్రమాదం జరిగినాక, వెనక వచ్చేవాళ్ళకు తెలియాలని ఎవరో పెద్ద వేపకొమ్మ నరికి రోడ్డుకు అడ్డంగా వేసినట్టున్నారు. లారీ తీసేశారు, కారు తీసేశారు, కొమ్మ తీయలేదు. ఆకులన్నీ రాలి నలిగి దుమ్ములో కలిసిపోయాయి. మొద్దు మాత్రం మిగిలింది, ఎర్రగా. నేను అక్కడ నిలబడి ఉన్నంతసేపూ వచ్చిన ప్రతి బండీ, బైకు, ఆటో, ఒక పెళ్ళి వ్యాను, దూరంనుంచే దాన్ని చూసి, వేగం తగ్గించి, జాగ్రత్తగా పక్కకు తిరిగి పోయింది.